ఘాట్ దిగేటప్పుడు మామిడి ట్రైలర్ ట్రాక్టర్‌ను తోస్తుంటే

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. పలమనేరు పక్కన తోట. 45 హెచ్‌పీ ట్రాక్టర్, రెండు చక్రాల ట్రైలర్. తోతాపురి కోతలప్పుడు ఐదేసి టన్నులు పోసుకుని మొగిలి ఘాట్ మీదుగా బంగారుపాళ్యం వైపు పల్ప్ ఫ్యాక్టరీకి తోలుతున్నారు. లాగడంలో ఇబ్బంది లేదు. దిగుడులో మాత్రం ట్రైలర్ వెనకనుంచి నెడుతోంది, గట్టిగా బ్రేకు తొక్కితే ట్రాక్టర్ వెనక భాగం పక్కకు జారుతోంది. లోడు ఒకటి రెండు టన్నులు తగ్గిస్తే చాలా, పెద్ద ట్రాక్టర్ కొనాలా, లేక అదే ట్రైలర్‌ను బొలెరో పికప్‌కు తగిలించవచ్చా అని మీ ప్రశ్న.

మూడూ అసలు మందు కావు. మీ ట్రైలర్‌కు బ్రేకులు లేవు. మీరు ఆ మాట రాయలేదు గానీ, రాసిన లక్షణాలన్నీ అదే చెబుతున్నాయి. మన జిల్లాలో వెల్డింగ్ షెడ్లలో కట్టించుకున్న ట్రైలర్లు చాలా వాటికి బ్రేకు అనేదే ఉండదు. కొన్నిటికి పాత లారీ ఇరుసు వేస్తారు, డ్రమ్ములు కనిపిస్తాయి, లోపల డ్రమ్మును ఒరిసి పట్టే లైనర్లు ఉండవు, ఉన్నా వాటిని లాగే కడ్డీ ఉండదు. డ్రమ్ము కనిపించింది కదా అని బ్రేకు ఉందనుకోవద్దు. చక్రం జాకీ మీద లేపి, లీవరు లాగి, చేత్తో తిప్పి చూడండి.

ట్రాక్టర్ కొనేటప్పుడు అందరూ ఎన్ని టన్నులు లాగుతుందనే అడుగుతారు. ఘాట్ రోడ్డులో అడగాల్సింది ఎన్ని టన్నుల్ని పట్టి నిలుపుతుందని. ఈ రెండు అంకెలకూ చాలా దూరం ఉంది. లాగడానికి కింది గేరు సాయం చేస్తుంది, నెమ్మదిగానైనా పని అయిపోతుంది. ఆపడం మాత్రం రోడ్డును పట్టుకున్న టైర్ల చేతిలో ఉంది. మామూలు టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో బ్రేకులు వెనక చక్రాలకే. అంటే మొత్తం బండిని ఆపేది ఆ రెండు టైర్లే.

మీ బండికి లెక్క కట్టి చూద్దాం. ట్రాక్టర్ 2 టన్నులు, ఖాళీ ట్రైలర్ 1.3, కాయ 5. మొత్తం 8.3 టన్నులు. ట్రాక్టర్ బరువులో వెనక ఇరుసు మీద పడేది సుమారు 60 నుంచి 65 శాతం. డ్రాబార్ (ట్రైలర్‌ను ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ) మీద ట్రైలర్ మోపే బరువు కలిపితే వెనక టైర్ల మీద 2 టన్నుల దాకా ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద ట్రాక్టర్ టైరుకు 0.6 పట్టు, అంటే మీద పడిన బరువులో 60 శాతం, ఉందనుకుంటే ఆపే బలం 1.2 టన్నులు. 8.3 టన్నుల్ని 1.2 టన్నుల బలంతో ఆపాలన్నమాట. వంద మీటర్లకు ఐదు మీటర్లు దిగే వాలులో భూమి మళ్లీ 0.4 టన్నుల బలంతో కిందికి లాగుతుంది. మీకు మిగిలేది 0.8.

ఈ మిగులుతో ఆ వాలులో బండి ఆగే దూరం, బ్రేకు మీదికి కాలు వెళ్లడానికి ఒక సెకను కలుపుకుని, 20 కిలోమీటర్ల వేగంలో 22 మీటర్లు, 30లో 45 మీటర్లు, 40లో 77 మీటర్లు. ఇది పొడి రోడ్డు మాట. తొలకరి జల్లు పడి రోడ్డు జిడ్డెక్కితే పట్టు 0.4కు దిగిందనుకోండి, 30 వేగంలోనే 80 మీటర్లు దాటుతుంది. తోతాపురి కోతలూ తొలకరీ ఒకేసారి వస్తాయి మరి.

ఇప్పుడు మీరు అడిగిన మార్పులు ఇదే లెక్కలో పెట్టి చూడండి. కాయ ఐదు నుంచి మూడు టన్నులకు తగ్గిస్తే 30 వేగంలో ఆగే దూరం 45 నుంచి సుమారు 37 మీటర్లకు వస్తుంది. రెండు టన్నుల కాయ వదులుకుంటే దక్కేది ఎనిమిది మీటర్లు. లోడు తగ్గితే డ్రాబార్ మీద బరువూ తగ్గుతుంది, దాంతో వెనక టైర్ల పట్టు కూడా కొంత పోతుంది. అందుకే లాభం అంత తక్కువ. అదే ఐదు టన్నులు ఉంచి, ట్రైలర్ చక్రాలకు ఓ మోస్తరు బ్రేకులు పెట్టి, వాటి పట్టు 0.3 మాత్రమే అనుకున్నా దూరం 20 మీటర్ల దగ్గరికి పడిపోతుంది. పెద్ద ట్రాక్టర్ కొంటే ఒక అరటన్ను బరువు పెరుగుతుంది, ఆ మేరకు పట్టు పెరుగుతుంది. అంతకుమించి ఏమీ రాదు. లక్షలు పోసి ట్రాక్టర్ మార్చే ముందు ట్రైలర్ ఇరుసు దగ్గర ఖర్చు పెట్టండి.

బ్రేకు తొక్కితే వెనక భాగం పక్కకు ఎందుకు జారుతోందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ట్రాక్టర్ వేగం తగ్గుతుంది, ట్రైలర్ తగ్గదు. ఆ ఆరు టన్నులూ రెండింటినీ కలిపే పిన్ను దగ్గర ముందుకు తోస్తాయి. ట్రాక్టర్, ట్రైలర్ ఒకే వరసలో ఉన్నంతసేపు ఆ తోపు తిన్నగా వెళుతుంది. మలుపులో ట్రాక్టర్ ఒక కోణంలో, ట్రైలర్ ఇంకో కోణంలో ఉంటాయి కాబట్టి తోపు పక్కకు తిరుగుతుంది. ఆ క్షణంలో వెనక టైర్లు బ్రేకుకు లాక్ అయి జారుతుంటే పక్కకు ఆపే పట్టు వాటికి ఉండదు. ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది, ట్రైలర్ దాని మీదికి మడత పడుతుంది. ఒకసారి మడత మొదలైతే స్టీరింగ్ తిప్పి సరిచేయడం డ్రైవర్ చేతిలో ఉండదు. కాబట్టి వేగం తగ్గించడం ఎప్పుడైనా మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే. మలుపులో బ్రేకు మీద కాలు ఉండకూడదు.

ట్రైలర్ బ్రేకుల్లో మనకు పనికొచ్చేవి రెండు రకాలు. మొదటిది తోపుడు బ్రేకు. ట్రాక్టర్ నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుతోనే డ్రాబార్‌లోని జారుడు గొట్టం లోపలికి వెళ్లి కడ్డీని లాగి డ్రమ్ములను పట్టిస్తుంది. ట్రాక్టర్‌కు ఏమీ కలపనక్కర్లేదు, ఏ ట్రాక్టర్‌కైనా పనికొస్తుంది. రెండు ఇబ్బందులు ఉన్నాయి. రివర్స్‌లో కూడా పట్టేస్తుంది కాబట్టి అడ్డు లీవరు వేసి రివర్స్ చేయాలి, మళ్లీ ముందుకు బయల్దేరేటప్పుడు ఆ లీవరు తీయడం మరిచిపోతే ఘాట్‌లో బ్రేకు లేనట్టే. రెండోది, జారుడు గొట్టానికి గ్రీజు లేకపోతే బిగుసుకుపోతుంది లేదా ఉన్నట్టుండి కొట్టినట్టు పడుతుంది. సీజన్ మొదట్లో ఊడదీసి శుభ్రం చేయించాలి.

రెండో రకం హైడ్రాలిక్ బ్రేకు. ట్రాక్టర్‌కు ట్రైలర్ బ్రేకు వాల్వు ఉంటే, లేదా కంపెనీ వాళ్లు దాన్ని బిగించగలిగితే, పెడల్ తొక్కగానే ట్రైలర్ కూడా పట్టుకుంటుంది. ఇది అన్నిటికంటే మంచిది. కానీ కొందరు మెకానిక్‌లు ట్రాక్టర్ సొంత బ్రేకు ఆయిల్ పైపుకు టీ జాయింటు వేసి ట్రైలర్‌కు లాగుతామంటారు. అది ఒప్పుకోవద్దు. ఆ మాస్టర్ సిలిండర్ పంపే ఆయిల్ ట్రాక్టర్ చక్రాలకు సరిపోయే లెక్కతో చేసింది. ట్రైలర్ సిలిండర్లు కూడా నింపాలంటే పెడల్ అడుగుకు వెళ్లిపోతుంది. ట్రైలర్ గొట్టం ఎక్కడైనా రాయి తగిలి తెగితే రెండింటి బ్రేకులూ ఒకేసారి పోతాయి. హైడ్రాలిక్ అయితే ట్రైలర్ బ్రేకు ట్రాక్టర్ బ్రేకుతో సమానంగానో వీసమెత్తు ముందుగానో పట్టాలి, తోపుడు బ్రేకైతే తోపు మొదలవగానే పట్టాలి. ఆలస్యమైతే మళ్లీ తోపే. రెండు వైపుల డ్రమ్ములూ సమానంగా పట్టేలా సర్దుబాటు చేయించండి, లేకపోతే ట్రైలర్ ఒక పక్కకు లాగుతుంది.

మీ సీటు దగ్గరినుంచి తాడుతో లాగే చేతి బ్రేకు పెట్టిస్తామని ఎవరైనా అంటే అది నిలిపి ఉంచడానికి మాత్రమే. ఘాట్‌లో రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి.

ఇక ట్రాక్టర్ బ్రేకులు. ఎడమ కుడి చక్రాలకు వేరు వేరు పెడళ్లు దుక్కిలో మడి చివర తిరగడానికి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే లాచ్ వేయాలి. ఇది అందరికీ తెలుసు, అయినా ఎక్కువగా మరిచేది ఇదే. లాచ్ వేసినంత మాత్రాన సరిపోదు, బ్రేకు పట్టేముందు రెండు పెడళ్లూ వదులుగా దిగే దూరం సమానంగా ఉండాలి. దుక్కిలో ఒకవైపే తొక్కే అలవాటున్న ట్రాక్టర్‌లో ఆ వైపు లైనర్ ఎక్కువ అరిగి ఉంటుంది. ఖాళీ చదును రోడ్డు మీద ట్రైలర్ లేకుండా 15 వేగంలో స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు వేయండి. ఒక పక్కకు లాగితే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. పాత డ్రై డిస్క్ బ్రేకుల ట్రాక్టర్లు ఘాట్‌లో త్వరగా వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు ఆ విషయంలో మెరుగు.

ఆ వేడి ఎంతో చెబితే బ్రేకు మీద కాలు పెట్టి దిగేవాళ్లు నమ్మరు. 8.3 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 27 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచేంత ఉంటుంది. టైర్ల ఒరిపిడికి కొంత పోయినా మిగతాదాన్ని ఎవరో ఒకరు మింగాలి. ఇంజన్ మింగితే రేడియేటర్, గాలి చూసుకుంటాయి. బ్రేకు మింగితే లైనర్ కాలుతుంది. ఇంజన్ బ్రేకింగ్ (కింది గేరులో ఇంజనే బండిని పట్టి ఆపడం) వల్ల టైరు పట్టు పెరగదు, అది కూడా అవే వెనక చక్రాల గుండా పనిచేస్తుంది. దాని లాభం ఏమిటంటే బ్రేకుల్ని చల్లగా ఉంచి, అవసరమైన ఆ ఒక్క క్షణానికి దాచిపెడుతుంది.

దిగే పద్ధతి. ఘాట్ మొదలవకముందే, చదునుగా ఉన్నచోట రోడ్డు పక్కకు తీసి ఆపండి. ఎక్కేటప్పుడు ఆ లోడుతో ఏ గేరు వేస్తారో దానికంటే ఒకటి కింద వేయండి. గేరు పైనే తేల్చుకోవాలి. మన ట్రాక్టర్లలో చాలావాటికి లారీలాగా నడుస్తూ గేరు మార్చే వీలు లేదు. వాలులో క్లచ్ తొక్కి గేరు తీశారంటే పళ్లు గరగరమంటాయి తప్ప మళ్లీ పడదు. ఈలోపు బండి ఇరవై నుంచి నలభైకి వెళ్లిపోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు ఇంకా ఉన్నారు. మిగిలే డీజిల్ టీ ఖర్చుకు కూడా రాదు.

బయల్దేరే ముందు హ్యాండ్ యాక్సిలరేటర్ పూర్తిగా వెనక్కి తీశారా చూడండి. సగంలో ఉంటే ఇంజన్ పట్టి ఆపడం మానేసి తోస్తుంది. రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించే డిఫరెన్షియల్ లాక్ పెడల్ పైకి వచ్చి ఉండాలి, అది పడి ఉంటే మలుపులో ట్రాక్టర్ తిన్నగా వెళుతుంది. పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) వేసి ఉంటే తీసేయండి. వేగం 10 నుంచి 15 మధ్య ఉంచండి. ఆర్‌పీఎం మీటరు ముల్లు మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ అంకెకు దగ్గరవుతుంటే, రోడ్డు తిన్నగా ఉన్న ముక్కలో బ్రేకు గట్టిగా తొక్కి వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. సన్నగా తొక్కి పట్టుకుని దిగడం కంటే ఇలా తొక్కి వదిలితే డ్రమ్ములకు చల్లారే సమయం దొరుకుతుంది. బ్రేకు వేసేటప్పుడు క్లచ్ తొక్కే కారు అలవాటు ఇక్కడ పనికిరాదు, క్లచ్ తొక్కగానే ఇంజన్ పట్టు పోతుంది.

మొగిలి ఘాట్ ఉన్న బెంగళూరు హైవే వెడల్పుగా ఉంది కాబట్టి మీ నెమ్మది మీకు ప్రమాదం కాదు గానీ వెనక వచ్చే లారీలకు మీరు కనబడకపోవడం ప్రమాదం. ఎడమ అంచు వరసలో ఉండండి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి దిగండి. ట్రైలర్ వెనక దీపాలు ట్రాక్టర్ వెనకనున్న ఏడు పిన్నుల సాకెట్‌కు కలుస్తాయి. ఆ తీగ లేకపోయినా, తెగిపోయినా చీకటిపడ్డాక రోడ్డెక్కవద్దు. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వెనక డోరుకు అడ్డంగా మొత్తం వెడల్పు అంటించండి. టార్పాలిన్ కొస వేలాడి దాన్ని కప్పేయకుండా చూసుకోండి. భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి వైపు దింపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అక్కడ మలుపులు గట్టివి, ఎదురు బండికీ మీకూ మధ్య డివైడర్ లేని చోట్లు ఉన్నాయి.

బండి చేయి దాటుతోందని అనిపిస్తే క్లచ్ జోలికి పోకండి. బ్రేకు గట్టిగా తొక్కండి, చక్రాలు లాక్ అయి జారుతుంటే కొంచెం వదిలి మళ్లీ తొక్కండి. బండిని తిన్నగా ఉంచుతూ లోయవైపు కాక కొండవైపు మట్టి అంచుకు, ఇసుకకు, పొదలకు ఒరిపించండి. కాయ పోతే పోతుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడే ఈ నిర్ణయం తీసుకోవాలి.

లోడు మోసే తీరు గురించి చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో బ్రేకు తర్వాత ఇదే. కుప్పగా పోసిన మామిడి ఘనపు మీటరుకు 550 నుంచి 600 కిలోలు తూగుతుంది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు తొట్టిలో ఒక అడుగు ఎత్తు కాయ అంటే సుమారు టన్ను. పక్క పలకలు ఎంత ఎత్తు పెంచితే అన్ని టన్నులు పెరిగినట్టే, అదీ అన్నిటికంటే పైన. తొట్టి అడుగు నేలనుంచి మీటరు ఎత్తులో ఉంటే, నాలుగడుగుల కాయతో మొత్తం ట్రైలర్ బరువు కేంద్రం 1.35 మీటర్ల దగ్గరికి లేస్తుంది. చక్రాల మధ్య వెడల్పు 1.6 మీటర్లు అనుకుంటే, కమాను కట్టల ఊగు, టైర్ల ఒరుగు కలిపి, దాని బరువులో సగం బలం పక్కకు తోస్తే ట్రైలర్ పడిపోతుంది. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 30 వేగంతో ఆ తోపు బరువులో 28 శాతం. 40 వేగంతో 50 శాతం. అంటే పది కిలోమీటర్ల తేడాలో నిలిచేది బోల్తా పడుతుంది. ఐదడుగులు పోస్తే 37, 38కే పడవచ్చు. మీరు చెప్పిన ఐదు టన్నులు ఆ తొట్టిలో ఐదడుగులు. ఘాట్ కోసం నాలుగుకు తగ్గించమని చెప్పేది అందుకే, ఆగడం కోసం కంటే పడకుండా ఉండటం కోసం.

రెండు చక్రాల ట్రైలర్‌లో ముందూ వెనకా బరువు పంపకం చూసుకోవాలి. మొత్తం ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం డ్రాబార్ మీద పడాలి. అంతకంటే తక్కువైతే, ముఖ్యంగా వెనక బరువెక్కితే, డ్రాబార్ ట్రాక్టర్‌ను పైకెత్తుతుంది, వెనక టైర్ల పట్టు పోతుంది, దిగుడులో ట్రైలర్ తోక ఊపుతుంది. మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు, ఎక్కుడులో ముందు చక్రాలు లేస్తాయి. ఊహించనక్కర్లేదు, కాటా దగ్గర మూడు చీటీలు తీసుకుంటే తెలుస్తుంది. ముందు ట్రాక్టర్ ఒక్కటే. తర్వాత లోడు ట్రైలర్ తగిలించి, ట్రైలర్ చక్రాలు కాటా ప్లేటు బయట ఉండేలా ఆపి ట్రాక్టర్‌ను తూయండి. రెండింటి తేడా డ్రాబార్ మీది బరువు. మూడోది మొత్తం బండి. వీలైతే ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద పెట్టి నాలుగోది కూడా తీయించండి. ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం, మీ ట్రాక్టర్‌కైతే 400 కిలోలు, ముందు చక్రాల మీద మిగలాలి. తగ్గితే బంపర్‌కు తగిలించే ఇనుప బరువులు వేయించండి. ఒక్కసారి తూచి, కాయ ఏ గీత దాకా పోస్తే సరిపోయిందో తొట్టి పలక మీద పెయింటుతో గుర్తు పెట్టుకుంటే సీజనంతా పనికొస్తుంది.

విడికాయ దొర్లుతుంది. ఎక్కుడులో వెనక్కి, బ్రేకు వేస్తే ముందుకు. తొట్టి మధ్యలో అడ్డంగా ఒక పలక బిగిస్తే ఆ దొర్లుడు సగం ఆగిపోతుంది. కాయ దెబ్బ తినడం కూడా తగ్గుతుంది. పైన కుప్పగా కాక చదునుగా సర్దండి. క్రేట్లయితే తాడు తొట్టి కొక్కేలకు కట్టండి, క్రేటుకు క్రేటు కట్టడం కట్టు కాదు.

పిన్ను దగ్గర పొదుపు చూపేవాళ్లను చూస్తే భయమేస్తుంది. అసలు పిన్ను పోయిందని బిల్డింగు కమ్మీ ముక్క పెట్టి నడిపేవాళ్లు ఉన్నారు. కమ్మీ వంగుతుంది, వంగినది పైకి జారుతుంది. కన్నం సైజుకు సరిపోయే గట్టి పిన్ను, అది పైకి ఊడకుండా కింద అడ్డం వేసే లించ్ పిన్ను, రెండూ ఉండాలి. పిన్ను దూరే ట్రైలర్ కన్ను కోలగా అరిగితే రింగు వెల్డింగ్ పూత వేయించడం కాదు, రింగు మార్పించాలి. ట్రైలర్ ఫ్రేము నుంచి ట్రాక్టర్ బాడీకి రెండు గొలుసులు డ్రాబార్ కింద అడ్డంగా ఒకదానిమీదొకటి పోయేలా వేయండి. పిన్ను ఊడినా డ్రాబార్ ముక్కు నేలకు దిగకుండా ఆ గొలుసులే ఊయలలా పట్టుకుంటాయి. మలుపులో బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచితే చాలు.

దుక్కి పనిముట్లను ఎత్తే లింకు చేతుల మధ్య వేసే తొర్రల పట్టీకి రోడ్డు లోడు తగిలించవద్దు. అది పైకీ పక్కకీ కదిలేది. ఆ చేతులకు పైన మధ్యలో ఉండే టాప్ లింకు దగ్గరికైతే అసలే వద్దు. వెనక ఇరుసు మధ్య గీతకంటే పైన నుంచి లాగితే ట్రాక్టర్ ముందు లేచి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. స్థిరమైన డ్రాబార్‌కే, కింది ఎత్తులోనే తగిలించాలి. తగిలించాక పక్కనుంచి చూస్తే ట్రైలర్ తొట్టి చదునుగా ఉండాలి. ముక్కు పైకి ఉంటే బరువు వెనక్కి పోతోందని అర్థం.

టైర్ల సంగతి త్వరగా చెబుతాను. దుక్కికోసం గాలి తగ్గించిన వెనక టైర్లతో రోడ్డెక్కితే మలుపులో ట్రాక్టర్ పడవలా ఊగుతుంది. మాన్యువల్‌లో రోడ్డు లోడుకు చెప్పిన అంకెకు ఎక్కించండి. ట్రైలర్ టైర్లకు పక్క గోడ మీద రాసి ఉన్నది చూడండి, రెండు వైపులా సమానంగా ఉండటం ముఖ్యం. చక్రం విప్పి బిగించాక 50 కిలోమీటర్లకు వీల్ నట్లు మళ్లీ బిగించాలి. ఘాట్ దిగాక ఆగి, చక్రం మధ్యనున్న హబ్‌కు చేతి వెనక భాగం దగ్గరగా తెచ్చి చూడండి. ఒక వైపు చేయి పెట్టలేనంత వేడిగా, రెండో వైపు మామూలుగా ఉంటే ఆ వైపు బేరింగ్ ఎండిపోయిందో బ్రేకు పట్టేసిందో అయి ఉంటుంది.

ఫ్యాక్టరీ గేటు ముందు క్యూ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. సీజన్‌లో ఒక్కోసారి రోజంతా, రాత్రంతా రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తుంది. ఎండకు ట్రైలర్ కింద గోనెపట్టా పరుచుకుని పడుకోవడం మామూలైపోయింది. ముందు బండి కదిలినా, వెనకనుంచి ఏదైనా తగిలినా ఆ ట్రైలర్ కదులుతుంది. దయచేసి దాని కింద పడుకోకండి, పడుకోనివ్వకండి. నిలబెట్టినప్పుడు పార్కింగ్ బ్రేకు వేసి, ట్రాక్టర్‌ను కింది గేరులో ఉంచి, ట్రైలర్ రెండు చక్రాలకూ వాలు వైపు ముక్కోణపు చెక్క దిమ్మెలు పెట్టండి. గుండ్రాయి పెడితే దొర్లుతుంది, పైగా తీసినవాడు దాన్ని రోడ్డు మీదే వదిలేసి పోతాడు, రాత్రి బైకు వాడికి అదే యముడు.

లోడుతో ఉన్న రెండు చక్రాల ట్రైలర్‌ను వాలులో విప్పవద్దు. చదునులో విప్పాల్సి వచ్చినా మొదట ట్రైలర్ చక్రాలకు దిమ్మెలు, తర్వాత డ్రాబార్ కింద స్టాండు, చివర్లో పిన్ను. వెనక సగం బరువుగా ఉంటే పిన్ను తీసిన క్షణంలో డ్రాబార్ ఎగిరి గడ్డానికి తగులుతుంది. ఫ్యాక్టరీలో వెనక డోరు తీసి ముందుసగం కాయ మొదట దింపితే ఇదే జరుగుతుంది. వెనకనుంచే దింపుకుంటూ రావాలి. పిన్ను తీసేటప్పుడు డ్రాబార్‌కు పక్కన నిలబడాలి, దాని మీదికి వంగకూడదు.

కూలీలను కాయ మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడం, మడ్‌గార్డు మీద ఒకరిని, డ్రాబార్ మీద ఒకరిని నిలబెట్టడం మానండి. ట్రైలర్‌కు మీ ట్రాక్టర్‌తో పాటు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ పాలసీలో ట్రైలర్ నంబరు కూడా కనబడాలి. పాలసీ కాగితం తీసి ఇప్పుడే చూడండి, ప్రమాదం జరిగాక ఎవరూ దాన్ని ఎక్కించరు.

చివరికి బొలెరో పికప్ మాట. దాని తొట్టిలో మోసే బరువు వేరు, వెనక తగిలించి లాగే బరువు వేరు. మీ బండి పుస్తకంలో లాగుడు సామర్థ్యం అని అంకె రాసి లేకపోతే ట్రైలర్ తగిలించవద్దు, షెడ్‌లో హుక్కు వెల్డింగ్ చేయించినంత మాత్రాన అది రాదు. ఆరు టన్నుల ట్రైలర్‌కు పికప్ అయితే ట్రాక్టర్ కంటే ఘోరం, ఎందుకంటే అది అదే రోడ్డు మీద మూడింతల వేగంతో వెళ్లగలదు. ట్రైలర్ బ్రేకు పని పూర్తయ్యేదాకా కాయను పికప్ తొట్టిలోనే, కాగితంలో రాసినంత బరువుకే, మూడు నాలుగు ట్రిప్పులు వేసుకోండి. బాడుగ కొంచెం ఎక్కువవుతుంది. బ్రేకు బిగించాక మొదటి రోజు ఒక టన్నుతో బంగారుపాళ్యం వైపు కాకుండా మీ ఊరి దగ్గరి చిన్న వాలులో దింపి చూసి, డ్రమ్ములు రెండూ సమానంగా వేడెక్కాయో లేదో చూశాక లోడు పెంచండి.